ఎనిమిదో పందెంలో ఎర్ర తొడుగు

"ఆరు గంటలకు ఆ కుర్రాణ్ణి అరెస్టు చేస్తాను. గడియారం మీదైనా సరే, నాదైనా సరే."

ఇన్‌స్పెక్టర్ పెల్హమ్ ఆ మాట అని నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకున్నాడు. హిల్డా స్కేఫ్ తన చేతి గడియారం చూసుకున్నది. శనివారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. ఇరవై ఎనిమిదేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి సార్జంటుగా విరమించిన మనిషి ఆమె. పెల్హమ్‌కు తొలినాళ్ళలో రిపోర్టు రాయడం నేర్పినది కూడా ఆమే. ఇప్పుడు అరవై మూడేళ్ళ వయసులో, మోటారుసైకిలు పందేల రైడర్ల సంఘం తరఫున విచారణలు జరుపుతున్నది.

"రెండు గంటలు కూడా లేదన్నమాట," అన్నది.

"నాకు అదీ అక్కర్లేదు. మీ మీద గౌరవం కొద్దీ ఇస్తున్నా, స్కేఫ్ గారూ."

ఈ సంభాషణ క్రాగ్‌ఫర్డ్ స్టేడియం యజమాని క్లిఫర్డ్ హేగ్ ఆఫీసుగదిలో జరుగుతున్నది. హేగ్ కిటికీ దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. "అమ్మా, నా జట్టులో మొదటి రైడర్ వాడు. వాడు నిర్దోషి అని తేలితే నాకంటే సంతోషించేవాడు ఉంటాడా?" అన్నాడు. ఒక నిట్టూర్పు విడిచి, "ఏమాటకామాటే. అమెరికా వాడి కోసం నా స్టాండ్లు సగమే నిండుతాయి. మన డెనిస్ గార్బట్ ఫైనల్లో ఉంటే మూడు ఊళ్ళ జనం వచ్చి పడతారు. అయినా సరే, న్యాయం న్యాయమే కదా," అని ముగించాడు.

గురువారం సాయంత్రం జరిగినది అందరికీ తెలిసినదే. తొమ్మిదో పందెంలో బళ్ళ ముందు అడ్డంగా ఉండే టేపులు పైకి లేచిన క్షణాన లైల్ టార్బెట్ బండి ఇంజను బద్దలైంది. ఎగిరివచ్చిన లోహపు ముక్క, పందెం మొదలుపెట్టించే హెరాల్డ్ బిన్స్ కుడికంటికి తగిలింది. ఆ కన్ను ఇక చూడదని ఆసుపత్రివారు శుక్రవారం చెప్పారు. బండి ట్యాంకులో మెథనాల్‌తోపాటు నాలుగో వంతు నైట్రో దొరికింది. వేగం కోసం దొంగచాటుగా పోసే ఆ ద్రవం ఈ క్రీడలో నిషిద్ధం. ఖాళీ డబ్బా లైల్ పనిబల్ల కింద, అతని ముఖంగుడ్డల్లో ఒకదానిలోనే చుట్టి ఉన్నది. దానికితోడు కళ్ళారా చూసిన సాక్షి ఒకరు.

ఇవాళ ఏడున్నరకు ఇదే ట్రాక్ మీద పదహారుమంది రైడర్లకు అర్హత పోటీ. ప్రథమంగా నిలిచినవానికి వరల్డ్ ఫైనల్లో చోటు. ఆరింటికి చేతికి సంకెళ్ళు పడితే లైల్‌కు ఆ చోటూ ఉండదు, లైసెన్సూ ఉండదు, ఈ దేశంలో పని చేసే అనుమతీ ఉండదు. అతని స్థానంలో మొదటి రిజర్వు దిగుతాడు. ఆ రిజర్వు పేరు డెనిస్ గార్బట్.

హిల్డా మెట్లు దిగింది.

* * *

డ్రెస్సింగ్ రూములో ఒక కానిస్టేబుల్ తలుపు దగ్గర, లైల్ బెంచీ మీద. ఇరవై అయిదేళ్ళవాడు, సన్నగా ఉన్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"హెరాల్డ్ గారికి ఎలా ఉంది, మేడమ్?"

"కన్ను పోయింది. మనిషి బాగున్నాడు." ఆమె తీపిమాటలు చెప్పే మనిషి కాదు. "ట్యాంకులో ఏం పోశావు?"

"మెథనాల్. అంతే."

"అబద్ధమైతే ఇప్పుడే చెప్పు. నీ కోసం నేను అబద్ధం మోయను."

"మోయక్కర్లేదు, మేడమ్." అతడు ఎడమకాలి ఉక్కు చెప్పును ఒళ్ళో పెట్టుకున్నాడు. మలుపులో నేలకు ఆనించి జారడానికి ప్రతి రైడరూ బూటు కింద కట్టుకునే ఉక్కు రేకు అది. "మూడేళ్ళ కిందట శాన్ బెర్నార్డినో నుంచి ఒక్క సంచీతో వచ్చా. ఆ సంచీలో సగం బరువు ఇదే. మొదటి ఏడాది మీ పెద్ద ట్రాకుల మీద ఎన్నిసార్లు పడ్డానో లెక్కే లేదు. వ్యానులో పడుకునేవాణ్ణి. జనం నన్ను చూడ్డానికి కాదు, నేను పడితే చూడ్డానికి వచ్చేవాళ్ళు."

"తరువాత?"

"తర్వాత పడ్డం మానేశా." మొదటిసారి నవ్వాడు. "మా ఊళ్ళో ట్రాక్ అరచేయంత, మేడమ్. మొదటి మలుపుకి ముందు లేకపోతే ఇక దాటడానికి చోటుండదు. అందుకని మాకు మొదటి సెకనే నేర్పుతారు. ఆ ఒక్క సెకనే ఇక్కడ నాకు అన్నం పెట్టింది. నైట్రో నాకెందుకు?"

"ఎనిమిదో పందేనికీ తొమ్మిదో పందేనికీ మధ్య ఏం జరిగింది? నిమిషం వదలకుండా చెప్పు."

"ఎనిమిదోది అయింది. మట్టి చదును చెయ్యడానికి ట్రాక్టరు దిగింది. నా మెకానిక్ షెడ్డు వెనక రెండో బండికి టైరు మారుస్తున్నాడు. గేటు దగ్గర నేల ఎలా ఉందో చూద్దామని నేను కంచె దాకా వెళ్ళా. మూడు నిమిషాలు, మహా అయితే నాలుగు. తిరిగొచ్చి చెప్పు కట్టుకుంటుంటే పందేనికి రెండు నిమిషాలే ఉందని గంట కొట్టారు. నా ఎర్ర తొడుగు ఇంకా రాలేదు, కంగారు పడ్డా. అంతలో ఎవరో పక్క అరలోంచి తడిక మీంచి విసిరారు. ఒళ్ళో పడింది."

"ఎవరు?"

"తల వంచుకుని ఉన్నా, చూళ్ళేదు."

గురువారంలాంటి జట్టు పోటీలలో ఇంటి జట్టుకు, అంటే స్టేడియం సొంత జట్టుకు, రెండే తొడుగులు: ఒకటి ఎరుపు, ఒకటి నీలం. హెల్మెట్ మీద బిగించే గుడ్డ అది. పందెం మారినప్పుడల్లా తల మారుతుంది. దిగినవాడు ఎక్కేవానికి చేతికివ్వాలి. రంగును బట్టే జనం మనిషిని గుర్తుపడతారు.

"ఆ తొడుగు ఎలా ఉన్నది?"

"మురికిగా, మేడమ్. తడిమట్టి. దులిపి తగిలించుకున్నా." అతడు కొంచెం ఆగి అడిగాడు. "దానిదేముంది?"

"ఏమున్నదో నాకూ తెలియదు," అన్నది హిల్డా. అయితే ఆమె చేతి పెన్సిలు ఆ మాట కింద రెండు గీతలు గీసింది.

* * *

పిట్స్ అనేవి రేకుల కప్పు కింద వరుసగా ఉన్న అరలు. అరకొక బండి, ఒక పనిబల్ల. లైల్ అర నాలుగవది. అతని బళ్ళు రెండూ పోలీసు సీలుతో మూల నిలబడి ఉన్నాయి. హిల్డా అడుగులు కొలిచింది. బండి నిలిచిన చోటునుంచి ఎదుటనున్న టీకొట్టు కిటికీకి పన్నెండు అడుగులు. అరల మధ్య తడిక భుజమెత్తు. ట్రాక్ గేటు దగ్గర గుంజకు, సున్నంలో తాజాగా ఒక చిల్లు. ఆమె చిటికెనవేలు పెట్టి చూసింది. చెక్క లోపల తెల్లగా ఉన్నది. మేకు పీకి ఎన్నో రోజులు కాలేదు.

టీకొట్టు నడిపే ఐవీ లన్ కప్పులు కడుగుతున్నది. పందెంనాడు ఆమె చేతి టీ తాగని, మాంసం కూరిన రొట్టె తినని రైడరు లేడు. లైల్ మూడేళ్ళుగా అద్దెకుంటున్నది ఆమె ఇంటి మేడగదిలోనే. అతని మీద సాక్ష్యం చెప్పినది కూడా ఆమే.

"తిట్టడానికి వచ్చావా, హిల్డమ్మా?" అన్నది కళ్ళు తుడుచుకుంటూ. "తిట్టు. పొద్దున్న లేచి వాడికి గుడ్లు వేయించి పెట్టే చేత్తోనే సంతకం పెట్టాను. కానీ చూసింది చూశాననే చెప్పాలిగా?"

"చెప్పాలి. నువ్వు చెప్పకపోయి ఉంటే నీ టీ నేను తాగను. ఒక కప్పు ఇయ్యి. ఏం చూశావో మళ్ళీ చెప్పు."

"ఎర్ర తొడుగు వాడు. కళ్ళద్దాలు, ముఖానికి గుడ్డ, అంతా కప్పేసి ఉంది. లైల్ బండి మీదికి వంగి ట్యాంకులో ఏదో పోశాడు. ఇటొచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి నా తుండుగుడ్డ లాక్కుని కళ్ళద్దాలు తుడుచుకుని పోయాడు. ఒక్క మాటా లేదు. లైల్ ఎప్పుడూ థాంక్స్ చెప్తాడు. ఆవేళ చెప్పలేదేంటా అనుకున్నా."

"అప్పుడు ట్రాక్టరు మోగుతున్నదా, ఆగిందా?"

ఐవీ ఆలోచించింది. "మోగుతోంది. కప్పులన్నీ గలగలలాడుతున్నాయి. గంట ఆ తర్వాతే కొట్టారు."

"ఇది ఇన్‌స్పెక్టరుకు చెప్పావా?"

"ఆయన అడగలేదు. తొమ్మిదో పందెంలో ఎరుపు ఎవరని అడిగాడు. లైల్ అన్నా. రాసుకున్నాడు."

హిల్డా టీ తాగకుండా పక్కన పెట్టింది. "ఆ తుండుగుడ్డ?"

"ఇదిగో. ఉతికినా పోలా, ఇటుకరంగు మరక. ట్రాక్ మట్టి అంతే, ప్రాణం తీస్తుంది. డెనిస్ తల్లి వాడి గుడ్డలు రుద్ది రుద్ది చేతులరగదీసుకుంది పాపం. నాకా బాధ లేదు. మా వాడి ముఖంగుడ్డ మూడేళ్ళుగా ఉతుకుతున్నా, మరకంటూ ఉండదు. ముందున్నవాడి మీద మట్టి ఎందుకు పడుతుంది?"

ఆ మాట అని ఐవీయే ఆగిపోయింది. చేతిలోని కప్పు ఆగిపోయింది.

"కూర్చో, ఐవీ," అన్నది హిల్డా మెల్లగా.

ఐవీ తాడుతో కట్టిన కాగితాల కట్ట మీద కూలబడింది. "ఇవాళ్టి ప్రోగ్రాములు. గురువారం పొద్దున్న ప్రెస్సు వ్యాను పడేసి పోయిన దగ్గర్నుంచి ఇదే నా పీట," అన్నది, ఏదో ఒకటి మాట్లాడాలి కనుక. "బుధవారం మధ్యాహ్నానికల్లా అచ్చుకి పోవాలిట. ఆటనాటికి పేర్లు సగం తారుమారవుతాయి. అందుకే గదా ఈ ఊళ్ళో ప్రతివాడి జేబులోనూ పెన్సిల్ ఉంటుంది."

"నీ జేబులోనూ ఉంటుందా?"

"నేను పందెం చూళ్ళేను, ఈ కొట్లోంచి కనపడదు. మైకులో చెప్పింది చెప్పినట్టు రాసుకుంటా. ఇరవై ఏళ్ళ ప్రోగ్రాములు ఇంట్లో ఉన్నాయి."

"గురువారంది?"

ఐవీ చక్కెర డబ్బా కింది నుంచి దానిని తీసి ఇచ్చింది. హిల్డా ఎనిమిదో పందెం పేజీ తెరిచింది. చాలాసేపు చూసింది. మడిచి చేతిసంచీలో పెట్టుకున్నది.

"గేటు దగ్గర గుంజకు మేకు ఎవరు పీకారు?"

"హెరాల్డే, పాపం. తొడుగులు ఏళ్ళ తరబడి ఆ మేకుకే తగిలించేవాళ్ళు. గురువారం ఆటకి ముందు ఎర్ర తొడుగు దానికి తగులుకుని చిరిగింది. హెరాల్డ్‌కి ఒళ్ళు మండి మేకు పీకి పారేశాడు. నేనే తెల్లదారంతో కుట్టిచ్చా."

* * *

అయిదు గంటల నలభై నిమిషాలకు పెల్హమ్ పిట్స్‌లోకి వచ్చాడు. వెనుక హేగ్, పోటీ పర్యవేక్షకుడు రెన్‌షా, ఒక కానిస్టేబుల్, వారి మధ్య లైల్. పక్క అరలో డెనిస్ గార్బట్ తోలుదుస్తులు వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. తొమ్మిదేళ్ళుగా జట్టు కెప్టెన్, ఊరంతటికీ ముద్దుబిడ్డ.

"పాపం యాంకీ," అన్నాడు డెనిస్. "నీ చోటు వెచ్చగా ఉంచుతాలే, బాబూ."

"ఇంకా ఇరవై నిమిషాలున్నాయి," అన్నది హిల్డా. "ఇన్‌స్పెక్టర్, మీరు లైల్ దగ్గర స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా చదవండి. పైకి."

"ఎందుకు?"

"మీ చేతిరాత మీరే చదవగలరు కనుక."

కానిస్టేబుల్ నవ్వు దగ్గుగా మార్చుకున్నాడు. పెల్హమ్ ముఖం ముడిచి చదివాడు. "తోలుదుస్తులు ఒక జత, శుభ్రం, కుడిచేతిపై బిన్స్ రక్తపు మరక. చేతితొడుగులు, శుభ్రం. ముఖంగుడ్డ, శుభ్రం. హెల్మెట్ తొడుగు ఎరుపు ఒకటి, తెల్లదారం కుట్టు, మట్టి."

"ఆగండి. ఒళ్ళు శుభ్రం, తల మట్టి. టేపులు లేవగానే ఇంజను పగిలింది. అతడు ఆ పందెంలో నాలుగు గజాలు కూడా పోలేదు. ఆకాశం నుంచి తల మీద ఒక్కదాని మీదే మట్టి కురిసిందా?"

పెల్హమ్ జాబితా మళ్ళీ చూసుకున్నాడు.

"ఎనిమిదో పందెం ముగిసినది ఎనిమిదీ పద్నాలుగుకు. అప్పటినుంచి ట్రాక్టరు. గంట కొట్టినది ఎనిమిదీ ఇరవైకి. మీ సాక్షి ఎర్ర తొడుగును చూసినది ట్రాక్టరు మోగుతుండగా. లైల్ చేతికి ఆ తొడుగు అందినది గంట తరువాత. అంటే ఆమె చూసిన తల లైల్‌ది కాదు. ఎనిమిదో పందెంలో ఎరుపు వేసుకుని, ఇంకా విప్పనివాడిది."

"నేను అంత తెలివితక్కువవాడినా, స్కేఫ్ గారూ?" పెల్హమ్ గెలుపుతో నవ్వి, జేబులోనుంచి నలగని ప్రోగ్రాము తీశాడు. "ఇదిగో, అచ్చులో ఉంది. ఎనిమిదో పందెం, ఎరుపు: టెరీ ప్రౌస్. ఆ ప్రౌస్ అయిదో పందెంలో భుజం ఎముక విరగ్గొట్టుకుని, ఏడూ యాభై ఎనిమిదికల్లా అంబులెన్సు గదిలో పడుకున్నాడు. డాక్టరు సాక్ష్యం ఉంది. దెయ్యమొచ్చి పోసిందంటారా?"

డెనిస్ పకపక నవ్వాడు. మరెవ్వరూ నవ్వలేదు. అరలలోని మెకానిక్కులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్‌స్పెక్టరు ఎక్కడ పొరబడ్డాడో ఆ క్షణంలో వారందరికీ తెలిసిపోయింది.

"ఈ ప్రోగ్రాము మీకు ఎవరిచ్చారు?"

"హేగ్ గారే స్వయంగా ఇచ్చారు."

"ఇందులో ఒక్క పెన్సిలు గీత లేదు. ఇన్‌స్పెక్టర్, ఈ ఊళ్ళో గీత లేని ప్రోగ్రామును ఎవరూ నమ్మరు. అచ్చులో ఉన్నది జరగబోయేదని అనుకున్నది. జరిగినది పెన్సిలులో ఉంటుంది." ఐవీ ప్రోగ్రామును ఆమె బల్ల మీద పరిచింది. "ఎనిమిదో పందెం. ప్రౌస్ పేరు కొట్టివేత. అప్పటికి ఇంటి జట్టు ఎనిమిది పాయింట్లు వెనుకబడి ఉంది కనుక, నిబంధన ప్రకారం ప్రౌస్‌కు బదులుగా మేనేజరు మరో రైడరును దింపాడు. పక్కన ఏమని ఉన్నదో చదవండి."

పెల్హమ్ వంగాడు. ఆ గీత మీద వేలు పెట్టాడు.

"నేను చదువుతాను," అన్నది ఐవీ. "డి. గార్బట్. ఎరుపు. మూడో స్థానం. ఒక పాయింటు."

"మూడో స్థానం," అన్నది హిల్డా. "ముందు ఇద్దరు. వారి చక్రాల మట్టి అంతా ముఖాన. అందుకే తుండుగుడ్డ కావలసివచ్చింది. డెనిస్, తొడుగు ఏం చేశావు?"

"నేనా?" డెనిస్ భుజాలెగరేశాడు. "ఏం చేస్తాం? ఎప్పట్లాగే గేటు దగ్గర మేకుకి తగిలించి, స్నానానికి పోయా. తర్వాత ఎవడు తీసుకున్నాడో నాకేం తెలుసు?"

"ఏ మేకు?"

"ఏ మేకేంటి? ఆ గుంజకి..."

అతడు తిరిగి చూశాడు. గుంజకు చిల్లు మాత్రమే ఉన్నది.

"గురువారం ఆరు గంటలకు హెరాల్డ్ బిన్స్ దానిని పీకివేశాడు," అన్నది హిల్డా. "లేని మేకుకు తొడుగు తగిలించావు, డెనిస్. తొమ్మిదేళ్ళ అలవాటు నిన్ను పట్టి ఇచ్చింది."

డెనిస్ ఎవరివైపూ చూడలేదు, ఐవీ వైపు తప్ప. "ఇంజను బిగుసుకుపోతుందని... అంతే అనుకున్నా, ఐవీ పిన్నీ. రెండు పందేలు పోగొట్టుకుంటాడు, దొరికిపోతాడు, ఇంటికి పోతాడు. బద్దలవుతుందని... హెరాల్డ్ నిలబడి ఉంటాడని..."

"హెరాల్డ్ ఇరవై ఏళ్ళుగా అక్కడే నిలబడి ఉన్నాడురా," అన్నది ఐవీ. "ఇంకెక్కడ ఉంటాడనుకున్నావు?"

"నైట్రో ఎవరిచ్చారు?" అని అడిగింది హిల్డా.

డెనిస్ తల పైకెత్తాడు. చూపు ఆఫీసుగది కిటికీ దాకా పోయి, తిరిగి బూట్ల మీద పడింది.

పెల్హమ్ సంకెళ్ళు తీసి అతని చేతులకు వేశాడు. సమయం అయిదూ యాభై ఎనిమిది. "ఆరు గంటలకు అరెస్టు అన్నాను," అని గొణిగాడు. పేరు సంగతి ఎత్తలేదు.

హేగ్ రెండడుగులు ముందుకు వచ్చి లైల్ చేతులు పట్టుకున్నాడు. "నాకు ముందే తెలుసు బాబూ, నువ్వు అలాంటివాడివి కాదని! కానీ ఏం లాభం? నీ బళ్ళు రెండూ సీలులో ఉన్నాయే."

అది నిజమే. సోమవారం ప్రయోగశాల వారు వచ్చేవరకు సీలు విప్పే అధికారం పెల్హమ్‌కు కూడా లేదు. పర్యవేక్షకుడు రెన్‌షా ముక్తసరిగా చెప్పాడు. "తనిఖీలో నెగ్గిన బండి ఏదైనా నాకు అభ్యంతరం లేదు."

వెనుకనుంచి డెనిస్ గొంతు వినిపించింది. "నాది తీసుకో."

అందరూ తిరిగారు.

"గేటు దగ్గర నిలబడ్డవాడికి బండి కాదనకూడదు. మా నాన్న చెప్పిన మాట." అతడు లైల్ ముఖం చూడలేకపోయాడు. "క్లచ్ కొంచెం ఆలస్యంగా వదుల్తుంది. టేపు దగ్గర అర అంగుళం ముందే వదులు."

లైల్ ఆ బండిని చూశాడు. దాని యజమాని వల్ల తనకు జరగబోయినదంతా ఆ చూపులో ఉన్నది. "ఇంజను ఏ పాపం చెయ్యలేదు," అన్నాడు చివరకు. "అర అంగుళం. సరే."

ఇచ్చిన బండి చేసిన నేరాన్ని కడగదు. ఆ సంగతి హిల్డా మరువలేదు. తన కళ్ళముందే ట్యాంకు ఖాళీ చేయించి, కడిగించి, రెన్‌షా చేతి డబ్బాలోని మెథనాల్ పోయించిన తరువాతనే ఆమె పక్కకు తప్పుకున్నది.

* * *

తన అయిదు పందేలలో మొదటిదానిలో లైల్ రెండవవాడుగా వచ్చాడు. పిట్స్‌లోకి తిరిగి వచ్చేసరికి ముఖం నిండా మట్టి.

"చూడు, మూడేళ్ళకి స్నానం చేశాడు!" అన్నది ఐవీ, నవ్వూ ఏడుపూ కలిసిన గొంతుతో. ప్రోగ్రాములో రెండు పాయింట్లు వేసింది. "క్లచ్, క్లచ్! అర అంగుళం అన్నాడుగా వెధవ!"

డెనిస్ కోసం వచ్చిన జనం మొదట చేతులు కట్టుకుని కూర్చున్నారు. రెండవ పందెం లైల్‌ది. మూడవది లైల్‌ది. నాలుగవదీ అతడే గెలిచేసరికి స్టాండు మీద ఎవడో ముసలివాడు లేచి టోపీ ఊపాడు. ఆ పక్కవాడు ఊపాడు. ఇరవయ్యో పందేనికి, రాత్రి చివరి పందేనికి, లైల్‌కు పదకొండు పాయింట్లు, డెన్మార్క్ నుంచి వచ్చిన ఓవె క్రారుప్‌కు పదకొండు. ఇద్దరూ పక్కపక్కనే టేపుల ముందు నిలబడ్డారు. ఈ దేశపు వేసవి కనుక ఇంకా వెలుగున్నది. ఆముదం కాలిన వాసన గాలిలో గుప్పున లేచింది. ఇంజనులో పోసే నూనె అది. హిల్డా మొదటిసారి టీకొట్టు వదిలి కంచె దగ్గరకు వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని ఐవీ కూడా వచ్చింది, ఇరవై ఏళ్ళలో మొదటిసారి.

టేపులు లేచాయి.

అర అంగుళం ముందు. ఆ అర అంగుళం మొదటి మలుపుకు ఒక చక్రం అయింది, రెండవ మలుపుకు ఒక బండి అయింది. బ్రేకులు లేని బండి ఎడమకు వాలి, ఉక్కు చెప్పు నేలను గీరుతూ పోయింది. వెనుక ముగ్గురూ ఆ మట్టిలో మునిగారు. రెండవ చుట్టు. మూడవ చుట్టులో క్రారుప్ లోపలినుంచి దూరాడు, ముందుచక్రం లైల్ మోకాలిదాకా వచ్చింది. లైల్ తిరిగి చూడలేదు. తిరిగి చూసేవాడు ముందుండడు. నాలుగవ చుట్టు. గళ్ళ జెండా.

స్టేడియం మొత్తం లేచి నిలబడింది. మూడేళ్ళ కిందట అతడు పడితే చూడవచ్చినవారే ఆ నిలబడినవారు. లైల్ కళ్ళద్దాలు తీసి చుట్టు తిరిగాడు. అద్దాల చుట్టూ ముఖం శుభ్రంగా ఉన్నది, తొలి పందెం మట్టి మిగిల్చిన ఒక్క చార తప్ప.

"ముందున్నవాడి మీద మట్టి పడదు," అన్నది ఐవీ. పెన్సిలు తీసి మూడు వేసింది, గట్టిగా, కాగితం చిరిగేటట్లు. "పధ్నాలుగు. మొదటి స్థానం. వరల్డ్ ఫైనల్. ఇదిగో హిల్డమ్మా, నువ్వే దాచుకో దీన్ని."

హిల్డా అందుకున్నది. రాత నీటుగా ఉన్నది. ఏడవ నంబరు దగ్గర అచ్చుపేరు కొట్టివేసి, పైన పెన్సిలుతో లైల్ టార్బెట్ అని రాసి ఉన్నది.

ఆమె కళ్ళజోడు సవరించుకున్నది. కొట్టివేసిన గీత కింద అచ్చయిన పేరు చదివింది. ఒకసారి కాదు, రెండుసార్లు. డెనిస్ గార్బట్.

"ఐవీ, ఇది నువ్వు సాయంత్రం మార్చావా?"

"ఆ, మొదటి పందెం ముందు. గురువారం గొడవ తర్వాత డెనిస్ పేరు వేసినట్టున్నారు, మళ్ళీ మనవాడొచ్చాడు కదా అని..."

"ఈ కట్ట ఎప్పుడు వచ్చింది?"

"చెప్పాగా, గురువారం పొద్..."

ఐవీ మాట మధ్యలో తెగిపోయింది. టీకొట్టులోకి పరుగెత్తి, తన పీట మీద మిగిలిన కట్ట పైకాగితం చింపి తెచ్చింది. ప్రెస్సువారి ముద్ర దాని మీద ఉన్నది: అప్పగించినది గురువారం, ఉదయం తొమ్మిది. ఇంజను పగలడానికి ఎంత ముందు? హిల్డా వేళ్ళ మీద లెక్కించింది. పదకొండు గంటల ఇరవై రెండు నిమిషాల ముందు. అచ్చుకు పోయినది అంతకుముందు రోజు మధ్యాహ్నం. అప్పటికే ఎవరో లైల్ పేరు తీసి డెనిస్ పేరు పెట్టారు. ఏమి జరగబోతున్నదో తెలిసినవారు. అచ్చుకు పేర్లు పంపే అధికారం ఉన్నవారు. ఇన్‌స్పెక్టరు చేతికి గీత లేని ప్రోగ్రామును ఏరి ఇచ్చినవారు.

మైదానం మధ్యలో విజేత చెక్కపీఠం మీద లైల్ నిలబడి ఉన్నాడు. అతని భుజం చుట్టూ చెయ్యి వేసి, మైకులో గొంతెత్తి మాట్లాడుతున్నవాడు క్లిఫర్డ్ హేగ్. "ఈ రాత్రి మన వీరుణ్ణి ఎవరికీ ఇవ్వను! నా కారులో నేనే తీసుకెళ్తాను!"

గేటు బయట ఆ కారు తలుపు అప్పటికే తెరిచి ఉన్నది.

హిల్డా పరుగెత్తలేదు. ఆమె వయసు ఆమెకు తెలుసు. రెండు కాగితాలను పెల్హమ్ చేతిలో పెట్టి, వేలితో ముద్రను, తరువాత పేరును, తరువాత మైదానాన్ని చూపింది. ఇన్‌స్పెక్టరు చదివాడు. తల ఎత్తి, ఆ సాయంత్రం మొదటిసారి వాదించకుండా ఒక్క మాట అన్నాడు.

"గడియారం మీదే, సార్జంట్."

ఇద్దరూ కలిసి కంచె దాటి, తడిసిన ఎర్రమట్టి మీదికి దిగారు.